అప్‌డేట్: మామిడి అంట్లకు దుప్పుల బెడద

గుంటూరు దగ్గర కొండ దిగువన నాటిన ఏడాది మామిడి అంట్ల చిగుళ్లు దుప్పులు తినేస్తున్నాయి, పాత చీరలు కడితే ఆగుతాయా అని అడిగాను కదా. వారం ఆగాయి, అంతే. ఊగే గుడ్డకు దుప్పి ఇట్టే అలవాటు పడుతుంది.

ముందు కొరికిన కొన చూడండి. దుప్పికి పైదవడలో ముందుపళ్లుండవు, అందుకే కొన పీకినట్టు పీచుగా ఉంటుంది. కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటే కుందేలు.

నిలబడింది వెల్డ్‌మెష్ (గట్టి ఇనుప తీగలు అతికిన వల) గూడు. 5 అడుగుల ఎత్తు మెష్‌ను 10 అడుగులు కోసి, అర అడుగు ఒకదానిపై ఒకటి వచ్చేలా చుడితే 3 అడుగుల వ్యాసంతో గుండ్రం వస్తుంది. 50 అడుగుల చుట్ట 5 మొక్కలకు సరి. గూడు నిలవడానికి మూడు సరుగుడు కర్రలు అడుగున్నర లోతు దిగాలి. కోళ్ల మెష్ దండగ, మెడతో నొక్కితే వంగిపోతుంది. మన నల్లరేగడి ఎండల్లో నెర్రెలిచ్చి కర్రలు వదులవుతాయి. నెర్రెలు పూడ్చి మళ్లీ దిమ్మిస కొట్టాలి.

కొమ్ములు రుద్ది బెరడు లేచిన చోట బోర్డో పేస్టు (తెగులు పట్టకుండా పూసే మందు): 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. ప్లాస్టిక్ బకెట్లోనే కలపండి, ఇనుముకు మైలుతుత్తం పడదు. అంటు అతుకు (అంటు కట్టిన చోటు) పైన విరిగితే మళ్లీ చిగురిస్తుంది. అతుకు కిందినుంచి వచ్చేది నాటు చిగురు, గిల్లేయండి.

కరెంటు తీగ కట్టమన్నవారికి ఒక్క మాట: నేరుగా లైను ఇస్తే ముందు పోయేది మనుషులే. ఉచ్చులు 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.