పాన్‌కేక్‌ను తెలుగులో ఏమనాలి: అట్టా, రొట్టెనా?

పిల్లల కథను అనువదిస్తూ ‘పాన్‌కేక్’ అన్నచోట ‘పెనపు రొట్టె’ అని రాయవచ్చునా అని మీరు అడిగారు. మన రొట్టెలు దాదాపు అన్నీ పెనం మీదనే కాలుతాయి కనుక ఆ విశేషణం తెలుగు చెవికి కొత్తగా చెప్పేదేమీ లేదు. నా మట్టుకు ‘అట్టు’ను కాదనవలసిన అవసరం కనబడటం లేదు. ముద్దగా కలిపిన పిండిని ఒత్తిగాని తట్టిగాని కాలిస్తే రొట్టె, జారుగా కలిపి గరిటెతో పోస్తే అట్టు. అందుకే అట్లు పోస్తామంటామే గాని అట్లు ఒత్తుతామని ఎవరూ అనరు. (మినపరొట్టె మాత్రం జారుపిండితో పోసినదే అయినా, మందం వల్ల కాబోలు, రొట్టెల్లో చేరి ఈ సూత్రాన్ని కాస్త ఇబ్బంది పెడుతుంది.)

ఇంగ్లీషు, జర్మన్ భాషలు పాత్రను చూసి పేరు పెట్టాయి. అయితే బెర్లిన్‌లో ‘ప్ఫన్‌కూఖెన్’ అని అడిగితే జామ్ నింపి నూనెలో వేయించిన ఉండ చేతికి వస్తుంది. పెనాన్ని నమ్ముకున్న పేరు పెనాన్నే వదిలేసిందన్నమాట. ఫ్రెంచివారు రూపాన్ని చూశారు: క్రెప్ అన్న మాటకు మూలం ‘ఉంగరాలు తిరిగిన’ అనే అర్థమున్న లాటిన్ ‘క్రిస్పుస్’.

మన కొలతకు అందరికంటే దగ్గరగా వచ్చేది ఇథియోపియావారి ఇంజెరా. టెఫ్ అనే అతి సన్నని గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, కాగిన మట్టి పెనం మీద అంచున మొదలుపెట్టి చుట్లుగా మధ్యకు పోసుకుంటూ వస్తారు. మనం మధ్యలో పోసి గరిటెను అంచుకు తిప్పుతాము. మూత పెట్టి ఒకవైపే కాలుస్తారు, పైన పడే చిల్లులను అమ్హారిక్‌లో ‘కళ్ళు’ అంటారు. తిప్పే దిశ మారినా పోయడం మారలేదు కనుక అది అట్టే. ఇక పొట్టు తీసిన పెసలు రుబ్బి, కిమ్చీ, పందిమాంసం చేర్చి కొరియావారు కాల్చే బిందెత్తొక్‌ను పెసరట్టు అనకుండా ఉండటానికి నాకు కారణం దొరకలేదు.

‘దోసె’ అంటే బియ్యం, మినప్పప్పు, పులుపు వెంటనే గుర్తుకు వస్తాయి. ‘అట్టు’కు ఆ బరువు లేదు. ఏ దినుసు పేరు ముందు చేర్చినా సంధిలో ఒదిగిపోతుంది: పెసరట్టు, రవ్వట్టులలో అత్వసంధి, గుడ్డట్టులో ఉత్వసంధి. మీ కథలోని తల్లి గోధుమపిండిలో పాలు, గుడ్లు కలిపి పోస్తున్నది కనుక మొదటిసారి ‘పాలట్టు’ అనీ, తరువాత ఉత్త ‘అట్టు’ అనీ రాసి చూడండి. పిల్లవాడు దానిని తిరగవేసే చోట మీరు ‘గరిటె’ అని రాశారు; అక్కడ వాడి చేతిలో ఉండవలసింది అట్లకాడ.