బర్త్‌రైట్‌లో దర్బారు రక్తి కట్టడం లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
ఆదివారం మధ్యాహ్నాలు మా డాబా మీద నలుగురు కుర్రాళ్ళతో పాత బర్త్‌రైట్ ఆడిస్తున్నాను, ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టి మాటలతో, పాచికలతో రాజ్యాలేలే ఆట, 1995లో టీఎస్ఆర్ అనే కంపెనీ తెచ్చింది. యుద్ధమంటే అందరూ లేచి కూర్చుంటారు. దర్బారు రాగానే ఫోన్లు బయటికొస్తాయి. రాజు వేషం కట్టినవాడు మొన్న పక్క రాజ్యం దూత నోరు తెరవకముందే "లోపలేసేయండి" అన్నాడు. మూడు నెలల టర్ను టీ చల్లారేలోపు అయిపోతోంది. ఎత్తుకు పై ఎత్తులు ఎలా తేవాలండీ?

జవాబు (రాయగడ నుంచి):
మీ రాజుకి అన్నీ ఒక్కడికే ఇచ్చేసుంటారు బాబూ. ఈ ఆటలో ప్రావిన్స్ ఎవరిదన్నది ఒక లెక్క, అందులో చట్టం, గుడి, గిల్డ్ అంటే వర్తక సంఘం, మంత్రానికి పనికొచ్చే సోర్స్ ఎవరి చేతిలో ఉన్నాయన్నది వేరే లెక్క. ఈ నాలుగు రకాల పట్టునే హోల్డింగులంటారు. నాలుగో స్థాయి ప్రావిన్స్ ఉందనుకోండి, చట్టం హోల్డింగులన్నీ కలిపినా నాలుగు దాటవు. రాజుకి ఒకటిచ్చి మూడు ముసలి సేనాపతికి పడేయండి. చట్టం చేతిలో ఉన్నవాడు గిల్డ్, గుడి ఆదాయంలో వాటా అడగొచ్చు. ఇక షావుకారు, పూజారి నిద్రపోతారా?

అసలు మజా మంత్రగాడితో. జనం పెరిగి ప్రావిన్స్ స్థాయి పెరిగేకొద్దీ సోర్స్ తగ్గిపోతుంది. రాజు "ఊరు పెంచుదాం" అన్న రోజే సొంత ఆస్థాన మాంత్రికుడు అడ్డం తిరుగుతాడు. ఇద్దరిదీ న్యాయమే. అలాంటి తగువు పెట్టి మీరు నోరు మూసుకు కూర్చోండి చాలు.

జవాబు (బరంపురం నుంచి):
నలుగురున్నారుగా, ఒక్కొక్కడికీ ఒక్కో రకం హోల్డింగ్ ఇచ్చెయ్యండి. దూతల పని వాళ్ళే చేసుకుంటారు.

జవాబు (పాతపట్నం దగ్గర నుంచి):
కథ కోసం ఆటలోని అన్యూర్ సామ్రాజ్యం దాకా ఎందుకు? అక్కడ చక్రవర్తి మైకేల్ రోయెల్ పోయాక సింహాసనం ఖాళీ, దొరలందరి కళ్ళూ దాని మీదే, నిజమే. కానీ మన సంగతి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీ రెండు ముక్కలైంది. ఊరు అటు, మా వైపు మద్రాసులో. ఆటలో కూడా సరిహద్దు గీయడానికి ఒక పెద్దమనిషిని దింపండి. ఏ ఊళ్ళో ఎవరి భాష ఎక్కువని అడుగుతాడు. కరణం పుస్తకం ఎవరి దగ్గరుంటే వాడి మాటే చెల్లుతుంది. కత్తి ఎందుకూ కొరగాదు అక్కడ.

ప్రశ్న అడిగినాయన:
కరణం పుస్తకం బాగుందండీ, వచ్చే ఆదివారం అదే దించుతాను. దూతని లోపలేసినవాణ్ణే మాంత్రికుణ్ణి చేస్తే?

జవాబు (రాయగడ నుంచి):
చెయ్యండి. అడవి ప్రావిన్స్ మాత్రం వాడికివ్వకండి, గిల్డ్ కుర్రాడికివ్వండి. కలప కొట్టిద్దామని గిల్డ్ కుర్రాడు, వద్దని మాంత్రికుడు. దూతని ముందే విడిపించండి, ఇద్దరికీ ఆ దూతతో అవసరం పడుతుంది.