మేడ మీద కోపం పెట్టె: ఆగస్టులో రాణిని తీసేయాలా, వద్దా?

మేడతోట, యలహంక:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. మేడ మీద రెండు పెట్టెలున్నాయి. రెండూ పుట్టతేనె ఈగలే, ఇక్కడివాళ్లు తుడువె అంటారు. మొదటి పెట్టె గోవులాంటిది, తొడుగుల్లేకుండానే తెరుస్తాను. రెండోది మార్చిలో కానుగలు పూసినప్పుడు ఒక పాత ఇంటి గోడ తొర్రలోంచి తెచ్చి పెట్టిన గుంపు. ఈ ఏడు తేనెంతా అదే ఇచ్చింది. మొదటి పెట్టెకి మైనపు పురుగు పట్టి, పట్టు కట్టుకునే చట్రాలు, అంటే ఫ్రేములు, రెండు పారేయాల్సొచ్చింది, దీనికి ఆ బెడద లేదు.

జులై నుంచి దీని జోలికి పోలేకపోతున్నాను. మూత మీద చెయ్యి పడగానే లోపల బుస్సుమని ఒక్క శబ్దం. పోయిన ఆదివారం తెరిచాక కుడిచేతి తొడుగు మీద పదకొండు కొండ్లు లెక్కపెట్టాను. మెట్ల తలుపు దాకా వెంటబడ్డాయి. అంతవరకూ నా బాధ నేను పడతాను. నిన్న మాత్రం పక్కింటి మేడ మీద బట్టలారేసే ఆమెని కంటి కింద కుట్టింది. ఒక్క మాట అనలేదు, కొంగు అడ్డం పెట్టుకుని దిగిపోయింది. సాయంత్రం వెళ్లి కనుక్కుంటే ఆమె అడిగింది ఒకటే, "ఏ వేళకి ఆరేస్తే మంచిది సార్?" అని. రాత్రంతా నిద్ర పట్టలేదు.

పెట్టెలో ఈగలన్నీ రాణి పిల్లలే కాబట్టి నేననుకున్నది ఇది. కోపం పెట్టె రాణిని తీసేసి, సాధు పెట్టెలోని గుడ్లు, లేత పిల్లపురుగులు ఉన్న ఫ్రేము ఒకటి ఇచ్చి, దాని మీద కొత్త రాణిని పెంచుకోనివ్వడం. ఇప్పుడే చేసేయమంటారా?

కానుగనీడ:
ఇప్పుడే చేయండి. రేపటికి పెట్టకండి.

మా ఆయనకి 2019లో ఒక్కటంటే ఒక్క ఈగ కుట్టింది, మెడ మీద. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచాయి, గొంతు పట్టేసింది. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న మనిషి ఊపిరి తీస్తున్నాడా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను. ఆస్పత్రిలో అడ్రినలిన్ ఇచ్చాక తేరుకున్నాడు. అంతకుముందు ఆయనకి ఈ తత్వం ఉందని మాకెవరికీ తెలియదు. మీ పక్కింటామెకి ఉందో లేదో మీకు తెలుసా? తర్వాతి కుట్టుకి తెలుస్తుందని చూస్తామా?

ఆ తర్వాత మా పెట్టెలు రెండూ ఇచ్చేశాను. ఇప్పుడు కొండి లేని ముజంటి ఈగలే పెంచుతున్నాను. తేనె అరకప్పు కూడా రాదు, వాటిని చూసుకుంటే చాలు నాకు. ఊళ్లో గోడకి గోడ ఆనుకుని ఉన్నచోట ఈగల పౌరుషాన్ని కాపాడే హక్కు మనకి లేదు.

తొర్రతేనె, హొసకోటె:
అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. అయినా చంపే ముందు ఒక మాట వినండి.

మా నాయన దగ్గర నలభై పెట్టెలుండేవి. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చింది. పిల్లపురుగులు గదుల్లోనే సంచుల్లా ఉబ్బి చచ్చేవి. దక్షిణాదిలో తుడువె గూళ్లు నూటికి తొంభై దాకా పోయినాయి. మాకు మిగిలింది మూడు పెట్టెలు. వాటిలో ఒకటి దగ్గరికి పోనిచ్చేది కాదు. మా నాయన దాన్ని చంపకుండా పొలం చివర చింతచెట్టు కింద పెట్టినాడు. ఈ రోజు నా దగ్గరుండే పెట్టెలన్నీ దాని సంతతే. పురుగు పట్టని, తేనె తెచ్చే గుంపు చేతికి దొరకడం అదృష్టం. తమ్ముడూ, దాన్ని ఊరు దాటించు. రాణి తల నలపొద్దు.

కొత్తరెక్క:
ఒక సందేహం. సాధువుగా ఉంటాయంటారు కదా, ఇటాలియన్ రాణిని కొని ఈ పెట్టెలో పెట్టేస్తే సరిపోదా?

పొగడబ్బా:
సరిపోదు. అవి మెల్లిఫెరా, ఇవి సెరానా. జాతే వేరు. మన పెట్టెలో ఆ రాణిని వదిలితే వాసన పట్టి చుట్టుముట్టి చంపేస్తాయి. వాటి మధ్య సంతానం కూడా కలగదు.

ఇక అసలు సంగతి. మేడతోట అన్నా, నేను జేపీ నగర్‌లో పదమూడేళ్లుగా తుడువె పెంచుతున్నాను. రాణిని మార్చడానికి నేను వ్యతిరేకిని కాదు, ఏటా మారుస్తాను. ఆగస్టులో మార్చడానికి మాత్రం గట్టిగా వ్యతిరేకిని. ఎందుకో లెక్క చూడండి.

ఈ రోజు రాణిని తీసేశారనుకోండి. రేపటికల్లా అవి తమ సొంత పిల్లపురుగుల మీదే రాణి గదులు కట్టుకుంటాయి. మీరిచ్చిన సాధు ఫ్రేము మీదే కట్టాలని వాటికేం రూలు లేదు. అంటే వారం ఆగి, సొంత గదులన్నీ ఒక్కటి మిగలకుండా నలిపేసి, అప్పుడు సాధు ఫ్రేము ఇవ్వాలి. తుడువెలో ఈ వారమే గండం. రాణి లేదని తెలిస్తే మెల్లిఫెరా కన్నా తొందరగా కూలి ఈగలే, అంటే పనిచేసే ఆడ ఈగలే, గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఒక్కో గదిలో మూడేసి, నాలుగేసి గుడ్లు. అవన్నీ మగ ఈగలే అవుతాయి. ఇక ఆ పెట్టె చేతికి రాదు.

సరే, గండం దాటిందనుకుందాం. గుడ్డు మూడో రోజుకి పొదుగుతుంది, ఎనిమిదో రోజు దాటేసరికి గది మూతపడుతుంది, పదిహేను పదహారు రోజులకి రాణి బయటికొస్తుంది. మరో వారానికి పెళ్లికి ఎగరాలి. గాలిలో పదిమందికి పైగా మగ ఈగలతో కలవాలి. ఆగస్టు వానల్లో, పూత లేని రోజుల్లో మగ ఈగలెక్కడ? తిండి తగ్గగానే కూలి ఈగలు వాటిని బయటికి నెట్టేస్తాయి. చాలీచాలని కలయికతో తిరిగొచ్చిన రాణి కొన్నాళ్లు పెట్టి ఆగిపోతుంది. ఒకవేళ మగ ఈగలు దొరికినా ఎవరివి? మగ ఈగకి తండ్రి ఉండడు, మొత్తం తల్లి పోలికే. మీ కోపం పెట్టె మగ ఈగలే చుట్టుపక్కల ఎగురుతుంటే, సాధు రాణి కడుపున కూడా సగం కోపమే పుడుతుంది. రాణిని పెంచడమంటే ముందు మగ ఈగల్ని పెంచడం. గుడ్డు పెట్టిన రోజు నుంచి మగ ఈగ గదిలోంచి బయటికి రావడానికే మూడు వారాలు దాటుతుంది, ఆపైన ఎగిరి కలిసే వయసు రావడానికి మరో పది రోజులైనా పడుతుంది. సాధు పెట్టెలో వాటి గదులు మూతపడ్డాక గానీ నేను రాణి పని మొదలుపెట్టను. తుడువెలో మగ ఈగ గది మూత మధ్య సూదిమొన అంత రంధ్రం ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు.

ఇంకోటి. ఇప్పుడు రాణిని మార్చినా కుట్టేవి ఈ రోజు పెట్టెలో ఉన్న ఈగలే. అవి వయసు తీరి పోయి, కొత్త రాణి పిల్లలు వాటి స్థానంలోకి రావడానికి రెండు నెలలు దాటుతుంది. కానుగనీడ గారూ, మీ భయం నిజమే. కానీ రాణిని చంపడం ఆ భయానికి మందు కాదు.

కానుగనీడ:
రెండు నెలల తర్వాతైనా తగ్గుతుంది కదా. ఏమీ చేయకపోతే ఎప్పటికీ తగ్గదు. ఊరవతల ఎవరి దగ్గరో గుడ్లు పెడుతున్న రాణి ఉంటే తెచ్చి ఇవ్వొచ్చుగా, గదులు కట్టించే పనే లేకుండా?

పొగడబ్బా:
ఇవ్వొచ్చు. అది సరైన మాట. పాత రాణిని తీసిన ఒక రోజుకి, కొత్త రాణిని చిన్న పంజరంలో పెట్టి, మూతి దగ్గర చక్కెరపొడి, తేనె కలిపిన ముద్ద బిగించి వేలాడదీస్తే, అవి ముద్ద తిని దారి చేసేలోపు వాసన అలవాటవుతుంది. కానీ ఈ కాలంలో రాణిని అమ్మేవాళ్లు తక్కువ. పైగా కోపంగా ఉన్న బలమైన గుంపు పరాయి రాణిని ఒప్పుకోవడం కష్టం.

అన్నిటికన్నా ముందు అది పుట్టుకతో వచ్చిన కోపమా, వేళ తెచ్చిన కోపమా తేల్చుకోండి. వానాకాలం తిండి కరువులో సాధు గూడు కూడా చిర్రుబుర్రులాడుతుంది. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎండిపోయి చీమలు ఎక్కుతున్నాయా? పెట్టె మూల పగిలి పరాయి ఈగలు దొంగతనానికొస్తున్నాయా? కందిరీగలు ద్వారం ముందు కాపు కాస్తున్నాయా? పది రోజుల్లో మూడుసార్లు, మంచి ఎండ ఉన్న రోజు, పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య రెండు పెట్టెలూ తెరవండి. ఎన్ని కుట్టాయి, ఎంత దూరం వెంటబడ్డాయి రాసుకోండి. తొడుగు మీద ఒక కొండి దిగగానే మగ్గిన అరటిపండు వాసన వస్తుంది. ఐసోపెంటైల్ ఎసిటేట్ అందులో ముఖ్యమైనది. మిగతా ఈగలకి అది "ఇక్కడే కుట్టండి" అన్న పిలుపు. వెంటనే గోరుతో గీకి పారేసి అక్కడ పొగ పట్టండి. మొన్న అక్కడికక్కడే పదకొండు పడ్డాయంటే మొదటిది తీయకపోవడమే కారణం కావచ్చు.

తొర్రతేనె, హొసకోటె:
ఇది మంచి మాట. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల జీకేవీకేలో తేనెటీగల విభాగం యలహంకకి దగ్గరే. ఒకసారి పోయి అడుగు తమ్ముడూ.

మామిడితోట, చిక్కబళ్ళాపుర:
"ఊరు దాటించు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పెద్దాయన మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఊరవతల మనుషులు లేరా? మా తోటలో కలుపు తీసే ఆడవాళ్లు వంగి పని చేస్తారు, మొహం నేల వైపు, వీపు ఆకాశం వైపు. ఈగ వచ్చేది కనపడదు. పరుగెత్తడానికి చెప్పులుండవు, ఆస్పత్రి పద్దెనిమిది కిలోమీటర్లు. యలహంకలో కుడితే ఆటో ఉంది. మా దగ్గర కుడితే ఏముంది? బెంగళూరు వాళ్లు తమకి అక్కరలేని కుక్కల్ని తెచ్చి మా రోడ్డు మీద వదిలేసినట్టే ఉంటుంది ఇది.

తొర్రతేనె, హొసకోటె:
తల్లీ, నువ్వన్నది నిజం. మా నాయన చింతచెట్టు కింద పెట్టినప్పుడు అటువైపు ఎవురూ పోయేవాళ్లు కాదు. ఇప్పుడు హొసకోటెలో కూడా అట్లాంటి చోటు వెతుక్కోవాల. ఆ మాట చెప్పకుండా రాసినాను, తప్పే.

కానీ రాణి తల నలపొద్దన్న మాట మీదే ఉండా.

పొగడబ్బా:
అక్కడ నేను మీతో ఏకీభవించను సార్. రోగం తట్టుకోవడం ఒక గుణం, కుట్టడం ఒక గుణం. రెండూ ఒకే గూట్లో ఉన్నంత మాత్రాన ఒకదానికొకటి ముడి వేయలేం. సాధువుగా ఉండి రోగాన్ని తట్టుకున్న గూళ్లు నేనే చూశాను. 1957లో బ్రెజిల్‌లో బాగా కుట్టే ఆఫ్రికా ఈగల గుంపులు 26 బయటపడి అమెరికా ఖండాల్లో చాలా చోట్లకి పాకిన కథ అందరికీ తెలుసు. అవే ఈగలు తొంభైల్లో ప్యూర్టోరికో దీవికి చేరి, కొన్నేళ్లలోనే సాధువయ్యాయి, పురుగుల్ని తట్టుకునే బలం పోలేదు. ఇరుకైన దీవిలో ఎక్కువ కుట్టే గూళ్లని జనం ఏరిపారేయడం ఒక కారణమని పరిశోధకులంటారు. బెంగళూరు మేడలు కూడా అలాంటి దీవే. మనం ఏరుకోవాలి. తొందరపడకుండా ఏరుకోవాలి, అంతే తేడా.

మేడతోట, యలహంక:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

మొదటిరోజే రెండు తప్పులు దొరికాయి. వెనక కాలు గిన్నెలో నీళ్లు లేవు, పక్క కుండీలోని కొమ్మ స్టాండుకి ఆనుకుని చీమలకి వంతెనైంది. పెట్టె అడుగు మూల వానకి ఉబ్బి వేలు దూరేంత సందు పడింది, అందులోంచి పరాయి ఈగలు దూరుతున్నాయి. సందు మూసి, ద్వారం రెండు ఈగలు పట్టేంతకి తగ్గించాను. సాయంత్రాలు చక్కెర పానకం లోపలే పెట్టాను.

తర్వాత మూడుసార్లు తెరిచాను. సాధు పెట్టెలో మూడుసార్లూ ఒక్క కుట్టు లేదు. దీంట్లో నాలుగు, ఆరు, మూడు. తగ్గింది. కానీ మూడుసార్లూ మెట్ల తలుపు దాకా వెంటబడ్డాయి, చివరిసారి తలుపు మూశాక కూడా ఒకటి అద్దానికి కొట్టుకుంటూ ఉంది. కాబట్టి కొంత కాలం తెచ్చింది, కొంత పుట్టుకే అనుకుంటున్నాను. రాణి కనపడింది. నల్లగా, పొడుగ్గా, పట్టు మీద పరిగెత్తే రకం. పిల్లలు మధ్యలో ఒక్క గది ఖాళీ లేకుండా చాప పరిచినట్టున్నాయి. అగ్గిపెట్టెలోకి తీసుకున్నాను కూడా. రెండు నిమిషాలు పట్టుకుని మళ్లీ వదిలాను.

ఆగస్టులో చంపను. కానీ మేడ మీదా ఉంచను. పక్కింట్లో ఆమెకి ఉదయం ఏడులోపు ఆరేయమని చెప్పి నేను ఊరుకోలేను. ఆమె వేళ మార్చుకోవాల్సిన పని లేదు, మారాల్సింది నా పెట్టె. జనవరిలో పూత మొదలయ్యాక సాధు పెట్టెలో మగ ఈగల్ని పెంచి, దీంట్లో మగ ఈగల గదులు కోసేసి, అప్పుడు రాణిని మారుస్తాను. అప్పటిదాకా మనుషులు తిరగని చోటు ఎవరైనా చూపిస్తే అద్దె ఇచ్చుకుంటాను.

కానుగనీడ:
నేను ఇంకా మీతో ఒప్పుకోలేదు. జనవరి దాకా ఎవరో ఒకరు ఆ ప్రమాదం మోస్తూనే ఉంటారు. కానీ మేడ మీంచి దించుతున్నందుకు సంతోషం. ఎక్కడ పెట్టినా మనుషుల్ని ముందే అడగండి. "ఈగ కుడితే ఎప్పుడైనా ఒళ్లు వాచిందా, ఊపిరి ఆడలేదా" అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. గుంపులో అడిగితే చెప్పరు.

మామిడితోట, చిక్కబళ్ళాపుర:
మా తోట ఉత్తరం కొసన కానుగల వెనక ఒక బండ ఉంది. దారికి మూడొందల అడుగులు. పని చేసే తొమ్మిదిమందినీ ఆ అక్క చెప్పినట్టే విడివిడిగా అడిగాను. ఒకామె, చిన్నప్పుడు కుడితే స్పృహ తప్పిందట, ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. ఆమెని దక్షిణం వైపు పనికి మార్చాను. మిగతావాళ్లు సరేనన్నారు. ఉత్తరం వైపు కలుపు సంక్రాంతి దాకా లేదు. అద్దె వద్దు, తేనె తీసినప్పుడు వాళ్లకి తలా ఒక సీసా ఇవ్వండి.

గురువారం రాత్రి ఎనిమిది తర్వాత, ఈగలన్నీ లోపలికొచ్చాక ద్వారానికి జాలి బిగించి, తడిగోనె కప్పి తీసుకురండి. చీమల గిన్నెలు నాలుగూ నేను ముందే పెట్టి నీళ్లు పోసి ఉంచుతాను.