వియన్నా ఆసుపత్రి: పక్కపక్క ప్రసూతి విభాగాల్లో మరణాల్లో అంత తేడా ఎందుకు?

ప్రశ్న:
1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి తెరిచిన వియన్నా జనరల్ ఆసుపత్రి గురించి చదువుతున్నాను. 1846లో ఒకటో ప్రసూతి విభాగంలో బాలింత మరణాలు సుమారు 11 శాతం, రెండోదాంట్లో 3 లోపే. పేద రోగులు ఒకదానికి, ఉన్నవాళ్లు ఇంకోదానికి వెళ్లేవారా?

జవాబు:
కాదండీ. చేర్చుకోవడం రోజు మార్చి రోజు, అంటే రోగుల ఎంపికే లేదు. తేడా నేర్చుకునేవాళ్లలో ఉంది: ఒకటోది వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసానులది. విద్యార్థులు పొద్దున శవపరీక్ష చేసి, అవే చేతులతో గర్భిణులను పరీక్షించేవారు. సబ్బుతో కడిగినా శవం వాసన పోయేది కాదు. 1847 మార్చిలో కొలెట్ష్కా అనే ప్రొఫెసర్ శవపరీక్షలో కత్తి గాటుతో చనిపోయాడు. ఆయన శవంలోనూ బాలింతల్లో కనిపించిన మార్పులే. ఒకటో విభాగంలో పనిచేసే డాక్టర్ సెమెల్వైస్‌కు లింకు అక్కడ దొరికింది. మే నుంచి క్లోరిన్ నీళ్లతో, తర్వాత చవకైన బ్లీచింగ్ పొడి ద్రావణంతో చేతులు కడగడం తప్పనిసరి. ఏప్రిల్‌లో 18 శాతమున్న మరణాలు జులైకి 1 శాతం దరిదాపులకు వచ్చాయి.

మరో జవాబు:
ఒక్క సవరణ. మొదట్లో వార్డులోకి వెళ్లేటప్పుడే కడిగేవారు, రోగికీ రోగికీ మధ్య ఒట్టి సబ్బే. అక్టోబరులో చీము కారే గర్భాశయ క్యాన్సర్ ఉన్నామెను ముందు పరీక్షించారు. ఆ వరుసలో తర్వాతి 12 మందిలో 11 మంది పోయారు. శవం ఒక్కటే కారణం కాదని అప్పుడు తేలింది. ఆ తర్వాత ప్రతి రోగికీ ముందు కడగాలన్నారు. అసలు అక్కడి ప్రసూతి విభాగం అధిపతి బోయర్ హయాంలో, అంటే 1822 దాకా, విద్యార్థులకు బొమ్మలపై నేర్పేవారు, మరణాలు తక్కువే. తర్వాత వచ్చిన క్లైన్ శవాలపై నేర్పించాడు!