బోరు నీళ్లలో రేడాన్: ఉమ్మడి డబ్బు ట్యాంకు దగ్గర పెట్టాలా, ఇళ్ల నేల కింద పెట్టాలా?

కొళాయిమాట:
చిన్న పట్టణం, రాతినేల. రెండు బోర్ల నీళ్లు ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కి ఇళ్లకు వస్తాయి. బోరు దగ్గర పట్టిన నీళ్ల రిపోర్ట్ ఇదీ: లీటరుకు రేడాన్ (రాతిలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) 180 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలత), నైట్రేట్ 62 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.1, టీడీఎస్ (కరిగిన లవణాలన్నీ కలిపి) 640. ఈ-కోలి లేదు. మూడు ఇళ్లలో కింది గదుల్లో నాలుగు రోజుల బొగ్గు డబ్బా టెస్ట్ (గాలిలోని రేడాన్‌ను డబ్బాలోని బొగ్గు పట్టుకుంటుంది) చేయిస్తే ఘనపు మీటరు గాలికి 90, 210, 460 బెక్వెరెల్ వచ్చాయి. నిధి ఒక పనికే సరిపోతుంది. ఇంటింటికీ ఆర్‌వో ఇవ్వాలని కొందరు, ట్యాంకు దగ్గర రేడాన్ పోయేలా నీళ్లకు గాలి పట్టించే యూనిట్ పెట్టాలని కొందరు అంటున్నారు. ఏది చేయాలి?

పైపులపని:
రేడాన్ కోసమే అయితే ఆర్‌వో దండగ. అది నీళ్లలో కరిగిన వాయువు, ఆర్‌వో పొర దాన్ని ఆపలేదు. పైగా సింకు కింది ఆర్‌వో తాగే నీళ్లనే చూస్తుంది. ఇంట్లోకి రేడాన్ వదిలేది షవరు, బట్టల మిషను.

నైట్రేట్‌కైతే ఆర్‌వో పనికొస్తుంది. కానీ మిక్సింగ్ స్క్రూ (శుద్ధి కాని నీళ్లను కొంత కలిపేది) మీద కన్నేసి ఉంచండి. రుచి కోసమని దాన్ని సగం తిప్పితే మీ 62లో 31 పచ్చినీళ్లతోనే గ్లాసులోకి వచ్చేస్తుంది. పొర పాతబడితే అది వదిలేసేది కూడా కలిసి ఇంకా పెరుగుతుంది. టీడీఎస్ మీటరు మాత్రం సగానికి తగ్గినట్టే చూపిస్తుంది. నైట్రేట్ ఎంతో అది విడిగా చెప్పదు.

రెండోమేడ:
మరిగించి తాగితే సరిపోదా అండీ?

ల్యాబ్‌బెంచి:
రేడాన్ పోతుంది, నైట్రేట్ పెరుగుతుంది. ఆవిరయ్యేది నీళ్లే కదా, నైట్రేట్ గిన్నెలోనే ఉండిపోతుంది. ఈ నీళ్లతో పసిబిడ్డలకు పాలపొడి కలపొద్దు, మరిగించినా సరే. నైట్రేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 50, అదీ పసివాళ్లను దృష్టిలో పెట్టుకునే.

కొళాయిమాట గారూ, రెండు సంగతులు చెప్పండి. ఆ 62 నైట్రేట్‌గా రాశారా, నైట్రోజన్‌గానా? నైట్రోజన్ లెక్కయితే 4.43తో గుణించాలి, 270 దాటిపోతుంది. రెండోది, రేడాన్ సీసా ఎప్పుడు నింపారు, ల్యాబ్ ఎప్పుడు లెక్కించింది?

కొళాయిమాట:
నైట్రేట్‌గానే ఉంది. సీసా సోమవారం ఉదయం నింపాం, బుధవారం ఉదయం లెక్కించారు. నింపిన టైము సీసా మీద రాయలేదు.

ల్యాబ్‌బెంచి:
అయితే మీది 180 కాదు. రేడాన్ 3.8 రోజుల్లో సగమైపోతుంది, రెండు రోజుల్లో దాదాపు 30 శాతం పోతుంది. టైము రాయలేదు కాబట్టి ల్యాబ్ వెనక్కి లెక్కగట్టి ఉండదు. అసలు అంకె 260 దగ్గర ఉంటుంది. నింపే తీరులో ఇంకా పోయి ఉండొచ్చు. కొళాయి మూతికున్న జాలీ తీసేయాలి. నీళ్లు కొంతసేపు వదిలాక సన్నటి ధార గిన్నె అడుగున పడేలా గొట్టం పెట్టాలి. గిన్నె పొర్లుతుండగా 40 మిల్లీలీటర్ల గాజు సీసాను నీళ్లలో ముంచి, నీళ్లలోనే మూత బిగించాలి. తలకిందులు చేసి చూస్తే ఒక్క బుడగ కూడా కనపడకూడదు. ఉంటే పారబోసి మళ్లీ నింపాలి.

నేలగాలి:
260 అనుకుందాం. ఘనపు మీటరు నీళ్లకు 2,60,000 బెక్వెరెల్. ఇంట్లో వాడే నీళ్ల నుంచి గదుల గాలికి చేరేది సగటున పదివేలో వంతు, అంటే 26. మూడో ఇంటి 460లో నీళ్ల వాటా 26. మిగతాదంతా నేల నుంచి, పునాది పగుళ్ల నుంచి, పైపు నేలలోకి దిగేచోటి సందుల నుంచి వస్తోంది. ఇంటి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 100. అది కుదరని చోట కూడా 300 దాటొద్దంటుంది. మీరు ట్యాంకులో ఎంత గొప్ప యూనిట్ పెట్టినా ఆ ఇంట్లో 430కి పైనే ఉంటుంది. అలాంటి ఇంటి నేలకు కన్నం పెట్టి, కింది గాలిని పైపు, ఫ్యాన్‌తో బయటికి లాగేయాలి.

ల్యాబ్‌బెంచి:
పదివేలో వంతు అనేది ఇల్లంతటికీ, రోజంతటికీ సగటు. తలుపు మూసిన చిన్న స్నానాల గదిలో షవరు నడిచే పావుగంటకు ఆ సగటు వర్తించదు. తాగే నీళ్లలో రేడాన్‌కు యూరప్ 2013లో పెట్టిన ప్రమాణం లీటరుకు 100. 260 దానికి రెండున్నర రెట్లు. నా ఓటు ట్యాంకు యూనిట్‌కే.

నేలగాలి:
అదే నిబంధనలో, ఇక ఆలోచించకుండా సరిచేయాల్సిన హద్దు 1000 అని కూడా ఉంది. అది వదిలేశారు. రేడాన్ వల్ల వచ్చే ముప్పులో పెద్ద భాగం పీల్చే గాలితోనే. రేడాన్ నుంచి పుట్టే పొలోనియం ఊపిరితిత్తుల గోడలకు అంటుకుని అక్కడే ఆల్ఫా కణాలు (ఒక రకం రేడియేషన్) వదులుతుంది. పొగతాగేవాళ్లకు ఇది కొన్ని రెట్లు ఎక్కువ. రోజంతా, ముఖ్యంగా పడుకున్నంతసేపూ పీల్చే గాలిని వదిలేసి షవరు పావుగంట దగ్గర ఆగిపోతే ఎలా?

ల్యాబ్‌బెంచి:
నాలుగు రోజుల డబ్బాతో వచ్చిన 460ని పట్టుకుని నేలకు కన్నాలు పెట్టమంటున్నారు. బొగ్గు డబ్బా చివరి రోజుల గాలినే ఎక్కువ చూపిస్తుంది. తేమ ఉంటే పట్టడం తగ్గుతుంది, కిటికీ తెరిస్తే అంకె మారిపోతుంది. ఏడాది సగటు తెలియాలంటే ఆల్ఫా ట్రాక్ డిటెక్టరు (ఆల్ఫా కణాల గీతలు పడే ప్లాస్టిక్ ముక్క) కనీసం మూడు నెలలు ఉంచాలి.

నేలగాలి:
460కి మూడు నెలలు ఆగమనడం తప్పు. వెంటనే రెండో డబ్బా పెట్టి, రెండింటి సగటు 300 దాటితే పని మొదలుపెట్టాలి. 210 వచ్చిన ఇంటికైతే ఏడాది డిటెక్టరు, ఒప్పుకుంటాను. డబ్బా పెట్టేముందు 12 గంటలు తలుపులు, కిటికీలు మూసి ఉంచాలి. టెస్ట్ అయ్యేదాకా రాకపోకలకు తప్ప తీయొద్దు. నేల నుంచి అర మీటరు ఎత్తు, బయటి గోడకు 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. వంటగది, స్నానాల గది వద్దు. మూత పెట్టిన రోజే ల్యాబ్‌కు పంపాలి.

అద్దెగది:
నేలకు కన్నం పెట్టడానికి అద్దెకున్నవాళ్లను ఎవరు అడుగుతారు? ఓనరు ఒప్పుకోకపోతే?

నేలగాలి:
పని పెద్దది కాదండీ. కింది గది నేల స్లాబుకు కన్నం పెట్టి, కింద 20 లీటర్ల బకెట్టుకు తగ్గకుండా మట్టి తోడతారు. అందులోంచి 100 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఇంటి కప్పు పైదాకా తీసుకెళ్తారు. ఫ్యాన్ ఇంటి బయటో, మనుషులు ఉండని అటకలోనో ఉండాలి. గదిలో పెడితే, ఫ్యాన్ తర్వాతి పైపు ఎక్కడ లీకైనా రేడాన్‌ను మీరే గదిలోకి ఊదినట్టు. పైపు వాలు గుంట వైపే ఉండాలి, లేకపోతే చెమ్మ నిలిచి గాలి దారి మూసేస్తుంది.

పైపు వేసే ముందు మూలన 10 మిల్లీమీటర్ల కన్నం పెట్టి, గుంట దగ్గర వాక్యూమ్ నడిపి, కన్నం మీద అగరొత్తి పట్టండి. పొగ లోపలికి లాగితే ఒక్క గుంట చాలు. కదలకపోతే స్లాబు కింద బిగుసుకున్న మట్టి ఉన్నట్టు, ఇంకో గుంట కావాలి.

ల్యాబ్‌బెంచి:
ఇదంతా సొంత ఇల్లున్నవాడికి. రెండేళ్ల తర్వాత ఫ్యాన్ ఆగిపోతే ఎవరు చూస్తారు? మీరు ఒక్క ఇంటి గురించే మాట్లాడుతున్నారు.

నేలగాలి:
మీరు సీసా మూత గురించే మాట్లాడుతున్నారు! పైపు మీద యూ-గొట్టం మానోమీటరు (ఫ్యాన్ లాగే ఒత్తిడిని ద్రవం మట్టంతో చూపేది) ఉంటుంది, రెండు వైపులా ద్రవం సమానమైతే ఫ్యాన్ ఆగినట్టు. అది చూడటానికి చదువు అక్కర్లేదు. మీ ట్యాంకు యూనిట్‌కు మాత్రం ఎవరూ చూడక్కర్లేదా? ఇనుముంటే తుప్పు నాజిళ్లలో పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరిగితే సున్నం కడుతుంది. బ్లోయరు పీల్చే గాలికి ఫిల్టరు, తర్వాత క్లోరిన్ లేకపోతే లేని బ్యాక్టీరియాను మనమే ఎక్కించినట్టు.

ల్యాబ్‌బెంచి:
ఆ లెక్కలన్నీ తెలిసే అంటున్నాను. అసలు మాట చెప్తాను వినండి. డబ్బు ఉమ్మడిది. ట్యాంకు దగ్గర పెట్టిన ప్రతి రూపాయీ అద్దెవాళ్లకూ, ఓనర్లకూ సమానంగా చేరుతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉమ్మడి డబ్బుతో ఒకరి ఇంటి నేల బాగుచేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. మొదటి నుంచీ నా అభ్యంతరం అదే.

నేలగాలి:
ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పుడా చెప్పేది! సరే, నా జవాబు కూడా వినండి. అందరికీ సమానంగా 26 తగ్గించడం కన్నా, 460 పీలుస్తున్న ఇంటికి 400 తగ్గించడం న్యాయం. ఆ ఇంట్లో అద్దెవాళ్లు ఉన్నా సరే. అద్దెగది గారు అడిగిందానికి కూడా ఉమ్మడి డబ్బే దారి. ఖర్చు తనది కాదంటే ఒప్పుకునే ఓనర్లు ఎక్కువమందే ఉంటారు.

ల్యాబ్‌బెంచి:
మూడిళ్లే టెస్ట్ చేశారు. ఇంకో పది ఇళ్లు 400 దాటితే ఎవరిది ముందు?

నేలగాలి:
అంకె పెద్దదే ముందు. అందుకే ముందు కింది అంతస్తున్న ప్రతి ఇంటికీ డబ్బా పెట్టాలి. పక్కపక్క ఇళ్లకే అంకెలు రెండు మూడు రెట్లు తేడా ఉండొచ్చు, పొరుగింటి రిపోర్ట్ పనికిరాదు.

రెండోమేడ:
పై అంతస్తులకు టెస్ట్ అక్కర్లేదా?

నేలగాలి:
నేల నుంచి వచ్చేది పైకెళ్లేకొద్దీ తగ్గుతుంది. ముందు కిందివి చూడాలి.

పైపులపని:
ఒకటి ఎవరూ అడగలేదు. కొళాయిమాట గారూ, బోర్లు రెండన్నారు. నీళ్లు ఏ బోరువి?

కొళాయిమాట:
పాత బోరువి. కొత్త బోరు టెస్ట్ చేయించలేదు.

పైపులపని:
అయితే ఏ యూనిట్‌కూ ఇప్పుడే డబ్బు కట్టొద్దు. రెండు బోర్లూ ఒకే రాతిలో ఉన్నా లోతు వేరైతే నీళ్లు వేరు. కొత్తదానిలో నైట్రేట్ 20 ఉందనుకోండి, రెండూ సగం సగం కలిస్తే 41. పంపుల టైము మారిస్తే చాలు, ఇంటింటికీ ఆర్‌వో అక్కర్లేదు. ఒకటి మాత్రం చూసుకోండి: పాత బోరు ఒక్కటే నడిచిన రోజు ట్యాంకులో మళ్లీ 62 వస్తుంది.

ల్యాబ్‌బెంచి:
ఇది సరైన మాట. కొత్త బోరుకు నైట్రేట్, ఫ్లోరైడ్‌తో పాటు యురేనియం కూడా చూపించండి. రాతినేలలో రేడాన్ ఉన్నచోట అది చూడకుండా వదలకూడదు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. గాలి పట్టిస్తే అది పోదు.

కొళాయిమాట:
కొత్త బోరు నీళ్లు ఈ వారమే పంపుతాం. 460 వచ్చిన ఇంట్లో రెండో డబ్బా రేపే పెడతాం. మిగతా ఇళ్ల డబ్బాలకు నిధిలోంచి ఇవ్వాలా, ఎవరిది వాళ్లు కొనుక్కోవాలా అన్నదాని మీద ఇక్కడ ఇంకా తేలలేదు.

ల్యాబ్‌బెంచి:
డబ్బాలకు నిధి వాడండి, దానికి అడ్డు చెప్పను. ఫ్యాన్లకు మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.

పైపులపని:
కొత్త బోరు కొన్నాళ్లు ఆగి ఉంటే మోటారు వేయగానే నీళ్లు పట్టొద్దు. గొట్టంలో నిలిచిన నీళ్లన్నీ పోయి, వేడి, టీడీఎస్ స్థిరపడేదాకా నడవనిచ్చి, అప్పుడు సీసా ముంచండి. ఈసారి టైము రాయండి.