ఎలుక దవడ పన్ను మీద టీ7 అనే గుబ్బ ఉన్నట్టా, లేనట్టా?

కర్నూలు దగ్గర మా ఊళ్లో పాడుబడ్డ గిడ్డంగిలో గుడ్లగూబ కక్కిన ఉండలు నానబెట్టి 11 ఎలుక పైదవడలు తీశాను, బిల్లసర్గం గుహల్లో దొరికిన శిలాజ ఎలుకల పళ్లతో పోల్చాలని. మొదటి దవడ పన్ను మీది గుబ్బలకు నాలుక వైపు నుంచి టీ1, టీ2 అని వరుసకు మూడు చొప్పున టీ9 దాకా పేర్లు పెడుతున్నా. ముందు రెండు వరుసలూ సరిపోయాయి. చిక్కంతా మూడో వరుసలో నాలుక వైపు ఉండాల్సిన టీ7తోనే. 4 దవడల్లో టీ4 నుంచి టీ8కి పొలం గట్టులా సన్నగా ఒక గట్టు పోతోంది, దాని మధ్యలో సూదిమొనంత ఉబ్బు. 10ఎక్స్ లెన్స్‌తో చూశా, పక్కనుంచి లైటు వేసి ఫోటోలు తీశా, బాగా అరిగిన పళ్లు వదిలేశా, అయినా ఒకరోజు గుబ్బ అనిపిస్తే మర్నాడు ఉత్త గట్టే అనిపిస్తోంది. రాటస్ (ఇంటి ఎలుక లాంటివి), మస్ (చిట్టెలుకలు) జాతుల్లో టీ7 ఉండదు కాబట్టి ఇక్కడ తప్పు రాస్తే పోలికంతా తప్పుతుందని టెన్షన్. ఆ ఉబ్బును టీ7గా లెక్కపెట్టాలంటే మీరు ఏ గుర్తు చూస్తారు?