కుక్కకు నొప్పుల మందు రెండుసార్లు పడింది, ఏం చేయాలి?

నెల్లూరు_ల్యాబ్:
మాది మాగుంట లేఅవుట్. మా ల్యాబ్రడార్ కుక్కకి పదేళ్లు, 30 కిలోలు. వెనక కాళ్లు పట్టేస్తున్నాయని డాక్టర్ గారు మెలాక్సికామ్ సిరప్ రోజుకు 2 ఎంఎల్ రాశారు. పొద్దున అమ్మ అన్నంలో కలిపి పెట్టింది. నాన్న వాకింగ్ నుంచి వచ్చి మళ్లీ పోశారు. గంట అయింది. మామూలుగానే ఉంది గానీ డాక్టర్ గారు ఫోన్ ఎత్తడం లేదు, ఒకటే టెన్షన్.

కావలి_బాబాయ్:
ఉప్పు నీళ్లు పట్టించు, కక్కేస్తుంది.

ఒంగోలు_అక్క:
బాబాయ్ గారూ, ఆ పని మాత్రం వద్దు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. కక్కించాల్సి వస్తే డాక్టరే ఇంజెక్షన్ ఇచ్చి కక్కిస్తారు. అదీ మింగిన గంటా రెండు గంటల్లోపే ఉపయోగం. మత్తుగా ఉన్న కుక్కను కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
తమ్ముడూ, సీసా మీద ఎంఎల్‌కి ఎన్ని మిల్లీగ్రాములని ఉంది? ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మందులేమైనా వాడుతున్నారా?

నెల్లూరు_ల్యాబ్:
1.5 అక్కా. వేరే మందులేం లేవు.

ఒంగోలు_అక్క:
అయితే మరీ కంగారు పడకండి. ఈ మందు మామూలుగా మొదటి రోజు కిలోకి 0.2, తర్వాత రోజూ 0.1 మిల్లీగ్రాములు ఇస్తారు. మీవాడికి పడింది మొదటి రోజు డోసంత. స్టెరాయిడ్ తోడై ఉంటే కథ వేరే, కడుపులో పుండ్లు పడేవి. కానీ పదేళ్ల కుక్క, కిడ్నీల సంగతి మనకు తెలియదు. ఆయన ఎత్తకపోతే ఇంకో డాక్టర్‌ని అడగండి, సీసా దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

పొదిలి_రైతు:
మా పక్కింటాయన గోమార్లు పోవాలని గేదెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మందు కుక్క నోట్లో పోశాడు. అది ఎంఎల్‌కి 10 మిల్లీగ్రాములు, 50 కిలోల పశువుకు ఒక ఎంఎల్ లెక్క. ఈయన చూసి చూడకుండా పోసేశాడు. సాయంత్రానికి కంటిపాపలు పెద్దవై, తూలుతూ, చొంగ కారుస్తూ పడింది. దానికి విరుగుడు మందు లేదంట, సెలైన్ పెట్టి కాచుకోవడమే. బతికింది లెండి. కోలీ జాతి కుక్కలకైతే తక్కువ డోసే మెదడుకెక్కుతుందని డాక్టర్ చెప్పారు.

కందుకూరు_శీను:
నట్టల మాత్ర ఒకసారి ఎక్కువైతే చాలావరకు వాంతులు, విరేచనాలతో పోతుంది. అసలు భయం మనుషుల మాత్రలే. ఐబుప్రొఫెన్ కుక్క కిడ్నీలు దెబ్బతీస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో పారాసిటమాల్ ఒక్క మాత్ర కింద పడినా వెతికి తీయండి.

నెల్లూరు_ల్యాబ్:
డాక్టర్ గారు ఇప్పుడే ఫోన్ చేశారు! కక్కించనక్కర్లేదట. రేపటి డోసు మానేసి, నీళ్లు బాగా తాగనివ్వమన్నారు. వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం, తిండి మానేయడం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. కిడ్నీ కోసం క్రియాటినిన్ పరీక్ష చేస్తారట. నాన్నని అడిగితే, "అది గిన్నె ముందు కూర్చుని అలా చూస్తుంటే ఎవరూ పెట్టలేదనుకున్నా" అంటున్నారు.

కావలి_బాబాయ్:
ల్యాబ్ కదా, ఎప్పుడైనా అలానే చూస్తుంది. ఉప్పు మాట వదిలేయండి. మరి డాక్టర్ దొరకనప్పుడు?

పొదిలి_రైతు:
1962కి కొట్టండి, పశువుల అంబులెన్స్ వాళ్లు. మా వైపు ఎక్కువగా గొడ్ల కోసమే వస్తారు, అయినా అడగడంలో తప్పులేదు. కేసు పెద్దదైతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పోవాల్సిందే.